జ్వాల చిన్నది, కమాను పెద్దది

1979 జూలైలో తెలంగాణ పల్లెలు తలెత్తి ఆకాశం చూడడానికే జంకాయి. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్న మాట రేడియోలోంచి చావడికి, చావడిలోంచి చేలకు పాకింది. ఎట్లాగూ పోతాం కదా అని మేకను కోసుకొని తిన్నవాళ్ల కథలు, దాచిన గింజలు అమ్మేసుకున్నవాళ్ల కథలు నిజామాబాద్ జిల్లాలోని మా ఏర్గట్ల వైపు పెద్దలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు కొందరు స్కైలాబ్ అనే పేరే పెట్టారు. ఆ భయం మీద 2021లో ఏకంగా ఒక సినిమానే వచ్చింది. చివరికి జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీద, పశ్చిమ ఆస్ట్రేలియా మీద ముక్కలై రాలింది. మన చేలల్లో ఒక్క మొలక కూడా వంగలేదు.

ఈ కథ చెప్పుకునేటప్పుడు రెండు సంగతులు వదిలేస్తుంటాం. మొదటిది, దాదాపు 77 టన్నుల ఆ ఇనుప ఇంటికి సూర్యుడిని చూసే కళ్లున్నాయి. 1973 మే నుంచి 1974 ఫిబ్రవరి దాకా మూడు బృందాలు వంతులవారీగా అందులో ఉండి, ఎక్స్-కిరణాల్లో సూర్యుడు ఎలా ఉంటాడో వేలాది ఫొటోలు తీసి, ఆ ఫిల్ము చుట్టలను నేలకు తెచ్చాయి. రెండోది, అనుకున్నదానికన్నా ముందే దాన్ని పడగొట్టినవాడూ సూర్యుడే. ఆ ఏళ్లలో అతడి ఉధృతి లెక్కకు మించి పెరిగింది. అతినీలలోహిత కిరణాల, ఎక్స్-కిరణాల తాకిడికి భూమి పైపొరల గాలి వేడెక్కి ఉబ్బింది. ఉబ్బిన గాలి ఒరుసుకొని స్కైలాబ్ కిందికి దిగింది. ఎవరి బొమ్మలు తీసిందో వాడి చేతిలోనే పడిపోయింది.

ఆ ఫొటోలు లేవనెత్తిన ప్రశ్న ఇంకా పూర్తిగా తెగలేదు. సూర్యుడి మీద ఒకచోట జ్వాల (సోలార్ ఫ్లేర్) ఎగిసినప్పుడు, దాని చుట్టూ లక్షల కిలోమీటర్ల మేర ఎక్స్-కిరణాల్లో కమానులు, మెలికలు, గొడుగులు కనిపిస్తాయి. వీటికి ఆ జ్వాలతో సంబంధం ఏమిటి? అవే కారణమా? జ్వాల మిగిల్చిన ఆనవాళ్లా? లేక రెండింటి వెనకా మూడోది ఏదైనా ఉందా? యాభై ఏళ్ల పరిశీలనలు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాయో, ఎక్కడ తడబడ్డాయో చూద్దాం.

గుంటూరు నుంచి ఎక్స్-కిరణాల దాకా

సూర్యుడి వాతావరణాన్ని చదవడంలో తెలుగు నేలకు పాత వాటా ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. చంద్రబింబం అంచున ఎర్రగా లేచి కనిపించే శిఖలను వర్ణపటంలో చూసి, అవి మండే వాయువులని తేల్చాడు. గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చని మర్నాడే గ్రహించాడు. మరుసటి ఏడాది అమెరికా గ్రహణంలో, సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనా కాంతిలో ఒక ఆకుపచ్చ గీత దొరికింది. అది ఏ మూలకానిదో డెబ్బై ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 1940ల ప్రాంతంలో గ్రోట్రియాన్, ఎడ్లెన్‌ల కృషితో తేలిందేమంటే, అది 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుముది. ఇనుము అంతగా చితకాలంటే వేడి పది లక్షల డిగ్రీలకు పైన ఉండాలి. సూర్యుడి ఉపరితలం చూస్తే 5,800 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పొయ్యి కన్నా పొగ వేడిగా ఉన్నట్టు!

అంత వేడి వాయువు వెలిగేది ప్రధానంగా ఎక్స్-కిరణాల్లో, అతినీలలోహితంలో. ఆ కిరణాలను భూమి గాలి పైనే మింగేస్తుంది. అది మనకు రక్ష, పరిశోధకుడికి అడ్డు. కనుక రాకెట్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన వీ-2 రాకెట్లలో పరికరాలు పంపి, 1940ల చివర్లో సూర్యుడు ఎక్స్-కిరణాలు వెదజల్లుతున్నాడని అమెరికా శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. 1960లో సూదిబెజ్జం కెమెరాతో మొదటి మసక బొమ్మ వచ్చింది. స్పష్టమైన బొమ్మకు అద్దాలు కావాలి. కాని అద్దాన్ని ఎదురుగా తాకితే ఎక్స్-కిరణం అందులో ఇంకిపోతుంది. చెరువు నీళ్ల మీద ఏటవాలుగా విసిరిన పెంకులా, ఒరుసుకుంటూ తాకితేనే ఎగిరిపోతుంది. ఆ కిటుకుతో శాస్త్రజ్ఞుడు జకోనీ బృందం కట్టిన దూరదర్శినులే తర్వాత స్కైలాబ్ ఎక్కాయి.

ఆ తర్వాత మన దగ్గర 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా నీడ దారిలో పడింది. నిజామాబాద్ ఆ దారికి ఉత్తరాన ఉండిపోయింది, మనకు దక్కింది పాక్షికమే. రంగాపూర్‌లో రెండు నిమిషాలకు కాస్త పైగా కరోనా తెల్లటి కిరీటంలా కనిపించింది. దానికి రెండు రోజుల ముందే, ఫిబ్రవరి 14న, సోలార్ మాక్సిమమ్ మిషన్ అనే ఉపగ్రహాన్ని అమెరికా పంపింది. ఒకే వారంలో నేల మీది కళ్లు కరోనా బయటి అంచు చూశాయి, నింగిలోని కళ్లు దాని లోపలి వేడి చూడడం మొదలుపెట్టాయి.

కనబడేది కాలువ కాదు, పారే నీళ్లు

బెల్లం వండే పెద్ద కొప్పెర చూసినవాళ్లకు సూర్యుడి ఉపరితలం కొత్తగా అనిపించదు. అడుగున వేడెక్కిన పాకం పైకి ఉబికి, చల్లారి అంచుల్లో దిగుతుంది. సూర్యుడిలో మరిగేది విద్యుదావేశం ఉన్న కణాల ప్లాస్మా. ఆ కదలిక అయస్కాంత బలరేఖలను తిప్పుతుంది, మెలిపెడుతుంది, పైకి నెడుతుంది. బలరేఖలు ఒకచోట పైకి లేచి మరోచోట దిగుతాయి. ఆ పాదాల దగ్గర మనకు సూర్యమచ్చలు కనిపిస్తాయి, పైన కమాను నిలుస్తుంది. ప్లాస్మా బలరేఖ వెంట జారగలదు గాని దాన్ని అడ్డంగా దాటలేదు. అందుకే వేడి వాయువు కమాను ఆకారంలోనే బందీ అవుతుంది.

ఎక్స్-కిరణ ఫొటో చూసేటప్పుడు ఒక హెచ్చరిక ఉంది. వెన్నెల రాత్రి కాకతీయ కాలువ గట్టు మీద నిలబడి చూస్తే నీళ్లు పారే పిల్లకాలువలే మెరుస్తాయి. ఎండిన కాలువలు అక్కడే ఉన్నా కంటికి ఆనవు. ఎక్స్-కిరణ బొమ్మా అంతే. వేడిగా, దట్టంగా వాయువు నిండిన కమానులే వెలుగుతాయి. వాయువు రెట్టింపు దట్టమైతే వెలుగు నాలుగింతలవుతుంది. కాబట్టి కమాను వెలిగిందంటే అప్పుడే పుట్టిందని కాదు, ఆరిపోయిందంటే కూలిందనీ కాదు. పైగా ఒకదాని వెనక ఒకటి ఉన్న కమానులు ఫొటోలో కలిసిపోతాయి. ఈ రంగంలో జరిగిన వాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి.

ముందు: మెలిక పడ్డ మోకు

1991 ఆగస్టు 30న జపాన్ పంపిన యోకో ఉపగ్రహం పదేళ్లకు పైగా ఇలాంటి బొమ్మలు తీసింది. 2001 డిసెంబరులో ఒక వలయ గ్రహణం వేళ అదుపు తప్పి మూగబోయింది. జ్వాలకు ముందు కొన్ని ప్రాంతాల్లో ఎస్ అక్షరంలా వంగిన వెలుగు మెలికలను అది పదే పదే చూపింది. సూర్యుడి దక్షిణార్ధంలో ఎస్, ఉత్తరార్ధంలో తిరగేసిన ఎస్ ఎక్కువ. వీటికి సిగ్మాయిడ్‌లని పేరు పడింది.

మోకు పేనుతూ పోతే ఒక హద్దు దాటాక అది తనంతట తానే ముడుచుకొని మెలిక తిరుగుతుంది. సిగ్మాయిడ్ కూడా అంతగా పేనుకుపోయిన అయస్కాంత మోకేనని రస్ట్, కుమార్ 1996లో వాదించారు. 1993, 1997 సంవత్సరాల యోకో బొమ్మలు తిరగేసిన క్యాన్‌ఫీల్డ్, హడ్సన్, మెకెంజీలు, మెలిక ఉన్న ప్రాంతాలు పేలే అవకాశం ఎక్కువని 1999లో చూపారు. ఇంకేం, జ్వాలను ముందే పసిగట్టే గుర్తు దొరికిందని చాలామంది మురిశారు.

తర్వాత నిదానించి చూస్తే కొన్ని మెలికలు ఒకే మోకు కావని తేలింది. విడివిడి కమానులు పక్కపక్కన ఉండి దూరం నుంచి ఎస్‌లా కనబడ్డాయి. నిజమైన మెలికల్లోనూ కొన్ని రోజుల తరబడి అట్లాగే ఉండి, పేలకుండానే సడలిపోయాయి. నేటి స్థూల అంగీకారం ఇది: సిగ్మాయిడ్ శక్తి నిలవ ఉన్నట్టు చెబుతుంది. ఎప్పుడు విడుదలవుతుందో చెప్పదు.

నడుమ: మొన తేలిన కమాను

జ్వాల జరిగే క్షణాల గురించి ఇప్పుడు గట్టిగా మాట్లాడగలుగుతున్నామంటే, 1992లో సూర్యుడి అంచున కనిపించిన రెండు జ్వాలల పుణ్యం. అంచున జరిగితే కమానును పక్క నుంచి చూడవచ్చు. ఫిబ్రవరి 21 జ్వాలలో కమాను తల గుండ్రంగా కాకుండా కొవ్వొత్తి మంటలా మొన తేలి ఉందని, లోపలి కమానుల కన్నా వెలుపలివి వేడిగా ఉన్నాయని సునేటా చూపాడు. అంటే వేడి పుట్టే చోటు కమాను లోపల లేదు, పైన ఉంది.

అంతకు ముందు జనవరి 13న జరిగిన జ్వాల ఇంకా విడ్డూరం. బలాన్ని బట్టి జ్వాలలకు ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులు, ఒక్కో మెట్టు పదింతలు. దాని మధ్యస్థమైన ఎం తరగతిని బట్టి చూస్తే ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. శక్తిమంతమైన ఎక్స్-కిరణాల్లో చూసినప్పుడు కమాను రెండు పాదాలూ వెలిగాయి. అది ఊహించిందే. పై నుంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు పాదాలను గుద్దుకుంటే అలా వెలగాలి. కాని మూడో వెలుగు ఒకటి కమాను నెత్తికి దాదాపు 7 వేల కిలోమీటర్ల పైన, ఖాళీ అనుకున్న చోట మెరిసింది. దీన్ని పట్టుకున్నది మసూదా. ఆ జ్వాల ఇప్పుడు అతడి పేరుతోనే చలామణీలో ఉంది.

ఈ రెండూ కలిపి ఒక పాత ఊహకు ప్రాణం పోశాయి. 1964-76 నడుమ కార్మైకేల్, స్టరాక్, హిరయామా, కాప్, న్యూమన్‌లు తలో చెయ్యి వేసి కట్టిన నమూనా అది. ఎదురెదురు దిశల బలరేఖలు ఒకదానికొకటి ఒత్తుకొని తెగి, కొత్త జతలుగా అతుక్కుంటాయి. దీన్ని పునస్సంధానం అంటారు. అతుక్కున్న కింది సగం లాగి వదిలిన రబ్బరులా కిందికి ముడుచుకొని కమానవుతుంది. పై సగం మోకును వెంటబెట్టుకొని బయటికి ఎగురుతుంది. 2017 సెప్టెంబరు 10న అంచున జరిగిన ఎక్స్ 8.2 జ్వాలలో మొన తేలిన కమాను, దాని పైన నిటారుగా సన్నని ప్రకాశ రేఖ, ఇంకా పైన ఎగిరిపోయే బుడగ ఒకే వరుసలో కనిపించి, పుస్తకంలో బొమ్మ లేచి నిలబడ్డట్టయింది.

తరువాత: గూడుబండి, దాని మీద గోపురం

జ్వాల తగ్గాక గంటల తరబడి అక్కడ కమానుల వరుస వెలుగుతుంది. గూడుబండి మీద వెదురు బద్దలు వంచి వరుసగా కట్టినట్టు ఉంటుంది. ఒక వరుస చల్లారేలోగా దాని పైన మరో వరుస వెలుగుతూ బండి గూడు ఎత్తు పెరుగుతుంది. ఇంతవరకు పేచీ లేదు.

1980 మే 21-22న, మళ్లీ నవంబరు 6-7న సోలార్ మాక్సిమమ్ మిషన్ ఇంతకు మించినది చూసింది. జ్వాల తర్వాత లక్ష కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో మహా కమాను ఒకటి లేచి, గంటల కొద్దీ నిలిచింది. చెక్ దేశీయుడు స్వెస్ట్కా జీవితంలో చాలా భాగం వీటికే వెచ్చించాడు. ఇవి జ్వాల కమానులకన్నా వేరని, ముందు నుంచే అక్కడ ఉన్న నిర్మాణం జ్వాల వల్ల మళ్లీ మళ్లీ రాజుకుంటుందని మొదట అతడి పక్షం భావించింది. ఎదుటి పక్షం ఇదంతా అదే గూడుబండి, గూడు ఎత్తు పెరిగిందంతే అంది.

1995 నుంచి యోకో బొమ్మలతో స్వెస్ట్కా, హడ్సన్, మరికొందరు వరుసగా రాసిన వ్యాసాలు ఈ తగవును మలుపు తిప్పాయి. మహా కమాను కదలకుండా లేదు, సెకనుకు కొద్ది కిలోమీటర్ల మేర నెమ్మదిగా పైకి పోతోంది. చిక్కేమిటంటే మామూలు జ్వాల కమానులు పైకి పోయేకొద్దీ నెమ్మదించాలి, ఇవి అదే వేగంతో సాగుతున్నాయి. ఇప్పుడు ఎక్కువమంది ఇది పునస్సంధానపు కొనసాగింపేనని ఒప్పుకుంటారు. జ్వాల వెలుగు తగ్గినంత మాత్రాన శక్తి విడుదల ఆగలేదని మహా కమాను చెబుతోంది. నా దృష్టిలో ఈ తగవు నేర్పిన పాఠం ఇదే.

దూరాన: అవతలి గట్టు

సూర్యుడి భూమధ్యరేఖకు అటొకటి ఇటొకటి ఉన్న మచ్చల గుంపులను కలుపుతూ లక్షల కిలోమీటర్ల పొడవున కమానులు ఉంటాయని స్కైలాబే చూపింది. ఉత్తరాన జ్వాల ఎగిస్తే దక్షిణాన దాని తోబుట్టువు కూడా లేస్తుందా అన్నది చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. 1998 మేలో రోజుల వ్యవధిలో వరుసగా జ్వాలలు జరిగి, ప్రతిసారీ ఇలాంటి కమాను ఒకటి చూస్తుండగానే మాయమైంది. జ్వాల నుంచి పుట్టిన ఆఘాత తరంగం దాన్ని తెంపిందని ఖాన్, హడ్సన్ 2000లో రాశారు. ఇలాంటి ఉదాహరణలు ఉన్నాయి గాని, ఒకచోటి జ్వాల మరోచోట జ్వాలను లేపుతుందన్నది సూత్రంగా నిలబడలేదు. సౌరచక్రం ఉధృతంగా ఉన్నప్పుడు రోజుకు ఎన్నో జ్వాలలు వస్తాయి. రెండు దగ్గర దగ్గరగా పడడం కాకతాళీయం కావచ్చు.

దీనికి తోడు చీకట్లు. జ్వాల వేళ వెలిగేవాటిని అందరూ చూస్తారు, ఆరిపోయేవాటిని చూసేవాళ్లు తక్కువ. కుప్ప ఎత్తేసిన కల్లం వెలవెలబోయినట్టు, కరోనాలో కొన్ని చోట్లు ఉన్నట్టుండి మసకబారతాయి. అక్కడి వాయువు ఎగిరిపోయిందని అర్థం. కోట్ల టన్నుల్లో ప్లాస్మా బయటికి పోవడమే కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ.

రెండు సాక్ష్యాలు

జ్వాలనూ పెద్ద నిర్మాణాన్నీ పక్కపక్కన పెట్టి తూచడానికి నేను ఎప్పుడూ రెండు ఉదంతాలు తీస్తాను.

1997 ఏప్రిల్ 7న ఒక జ్వాల వచ్చింది. జ్వాలలకు ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులు, ఒక్కో మెట్టు పదింతలు. ఇది సీ తరగతిది. పేపరులో ఒక్క లైను కూడా రానంత చిన్నది. యోకో బొమ్మల్లో మాత్రం ఎస్ మెలిక విడిపోయి కమానుల వరుసగా మారింది, మెలిక రెండు కొసల్లో రెండు చీకట్లు పడ్డాయి. సూర్యుడి చుట్టూ వలయంలా విస్తరించిన సీఎంఈ మన వైపే బయలుదేరింది.

2014 అక్టోబరులో సరిగ్గా దీనికి తలకిందులు. 12192 నంబరు గల మచ్చల గుంపు అప్పటికి పాతికేళ్లలో అతి పెద్దది. ఎక్స్ తరగతి జ్వాలలు ఆరు వచ్చాయి. వాటిలో ఒక్కటీ సీఎంఈని పంపలేకపోయింది. పైన బలంగా కమ్ముకున్న అయస్కాంత కమానులు మూత మీద బండ పెట్టినట్టు అన్నిటినీ లోపలే అణిచాయని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి.

చిన్న జ్వాల తలుపు తెరిచింది, పెద్ద జ్వాలలు తెరవలేకపోయాయి. కారణమా, ఫలితమా అన్న మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. జ్వాల, మెలిక, కమానుల వరుస, చీకటి, ఇవన్నీ ఒకే అయస్కాంత వ్యవస్థ కూలి మళ్లీ సర్దుకోవడంలోని వేర్వేరు దశలు. ఆ కూలడంలో కంటికి ఎక్కువ మెరిసేది జ్వాల. భూమి మీద అయస్కాంత తుఫానులు తెచ్చేది జ్వాల అనుకోవడం అపోహ అని గాస్లింగ్ 1993లోనే రాశాడు. అప్పట్లో చాలామంది కసురుకున్నారు. పై రెండు సాక్ష్యాలూ అతడి వైపే నిలబడతాయి.

శ్రీహరికోట వాటా

మన దగ్గర ఈ పని శ్రీహరికోట నుంచి సాగుతోంది. 2003 మే 8న జీశాట్-2తో సాక్స్ అనే సౌర ఎక్స్-కిరణ పరికరం వెళ్లింది. 2019లో చంద్రయాన్-2తో వెళ్లిన ఎక్స్ఎస్ఎం చంద్రుడి చుట్టూ తిరుగుతూనే సూర్యుడిని చూసి, అతడు దాదాపు నిద్రపోతున్న 2019-20లో ‘ఏ’ తరగతికన్నా చిన్నవైన 98 సూక్ష్మజ్వాలలను పట్టుకుంది. 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్‌వీ-సీ57 మీద బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన కక్ష్యలో కుదురుకుంది. దాని ఏడు పరికరాల్లో సోలెక్స్, హెలియోస్ ఎక్స్-కిరణాలను కొలుస్తాయి. 2024 ఫిబ్రవరి 22 నాటి ఎక్స్ 6.3 జ్వాలను సూట్ దూరదర్శిని అతినీలలోహితంలో దగ్గరగా చూసింది.

ఇక్కడ ఒక లోటు ఒప్పుకోవాలి. సోలెక్స్, హెలియోస్‌లు సూర్యుడిని ఒకే చుక్కగా చూస్తాయి. ఏ క్షణాన ఎంత శక్తి వచ్చిందో నిక్కచ్చిగా చెబుతాయి, ఏ కమాను నుంచి వచ్చిందో చెప్పలేవు. ఆ 98 సూక్ష్మజ్వాలల చిరునామా వెతకడానికీ ఇతర దేశాల బొమ్మలే ఆసరా అయ్యాయి. సూట్ కింది పొరల్ని చూస్తుంది, ఆదిత్యలోని మరో పరికరం వెల్క్ అంచు వెలుపలి కరోనాను చూస్తుంది. నడుమ ఉన్న వేడి కమానుల ఎక్స్-కిరణ చిత్రం మన సొంత కంటికి ఇంకా లేదు. ఈ వ్యాసంలోని ప్రశ్న సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది. తర్వాతి సౌర నౌకకు మనవాళ్లు ఏం ఎక్కించాలో అడిగితే నేను అదే అడుగుతాను.

ఏర్గట్లకు ఎందుకు?

జ్వాల ఎక్స్-కిరణాలు 8 నిమిషాల్లో ఇక్కడికి చేరి, పగటి వైపు ఆకాశపు అయానావరణాన్ని చెదరగొడతాయి. షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది. సీఎంఈ ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తే రావచ్చు. తిరుపతి దగ్గరి గాదంకిలో రాడార్లతో పై ఆకాశాన్ని గమనిస్తున్నారు. ఫోను మ్యాపు, పసుపు తోటలో మందు కొట్టే డ్రోను, రెండూ ఉపగ్రహ సంకేతాల మీద నడిచేవే. ఆ సంకేతాలు మన నెత్తి మీది అయానావరణం దాటే దిగాలి. 2024 మే 10-11 నాటి తుఫాను ఇరవై ఏళ్లలో బలమైనది. లదాఖ్‌లోని హాన్లేలో ఆ రాత్రి ఆకాశం ఎర్రబారింది.

ఇకపై టీవీలో ఎక్స్ తరగతి జ్వాల, భూమికి ముప్పు అని స్క్రోలింగ్ వచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి. అది సూర్యబింబం నడుమ వచ్చిందా, అంచున వచ్చిందా? నిమిషాల్లో ఆరిందా, గంటల తరబడి వెలిగిందా? దాని పక్కన ఏమైనా మసకబారిందా? నడుమ వచ్చి, గంటలు వెలిగి, పక్కన చీకటి మిగిల్చిందంటే మూత తెరుచుకుంది, మన వైపు ఏదో బయలుదేరి ఉండవచ్చు. లేకపోతే అది 2014 అక్టోబరు బాపతు కావచ్చు.

1979లో మన పెద్దలు భయపడ్డ ఇనుప ముక్క ఎక్కడో రాలిపోయింది. అది తెచ్చిపెట్టిన ఫొటోలు ఈ మూడు ప్రశ్నలు అడిగే తెలివిడిని ఇచ్చాయి. అప్పుడు కోసుకు తిన్న మేకలకు ఆ మాత్రం ప్రతిఫలం దక్కింది.